ఫ్లయిట్ ఇంజినీర్ రెక్క మీదికి ఎందుకు వెళ్లాడు?

1944 ఏప్రిల్ 26 రాత్రి జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణం మీద బాంబులు వేసి వెనుదిరుగుతున్న ఒక బ్రిటిష్ లాంకాస్టర్ విమానం కుడి రెక్కకు మంటలు అంటుకున్నాయి. ఎత్తు సుమారు 20,000 అడుగులు, వేగం గంటకు 200 మైళ్లు. ఆ స్థితిలో విమానం ఫ్లయిట్ ఇంజినీర్ సార్జెంట్ నార్మన్ జాక్సన్ మంటలార్పే చిన్న సిలిండర్‌ను జాకెట్లో దోపుకుని, కాక్‌పిట్ పైకప్పు తలుపు ఊడదీసి బయటికి పాకాడు. బ్రిటన్ అత్యున్నత యుద్ధ పతకం విక్టోరియా క్రాస్ ఆయనకు దక్కింది ఇందుకే. ఈ సంగతి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఆయన తెగువను మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. ఆ విమానంలో ఆయన పని ఏమిటి, మంట సరిగ్గా ఎక్కడ లేచింది, లోపలున్న సాధనాలకు అది ఎందుకు అందలేదు అన్నవి కూడా తెలిస్తేనే ఆ సాహసం పూర్తిగా అర్థమవుతుంది. విమానం ఒళ్లంతా తెలిసిన మెకానిక్ తీసుకున్న నిర్ణయం అది.

జాక్సన్ 1919 ఏప్రిల్ 8న లండన్ పశ్చిమ శివారు ఈలింగ్‌లో పుట్టాడు. పసితనంలోనే గుంటర్ అనే కుటుంబం దత్తత తీసుకుంది. ఫిట్టర్, టర్నర్ పని నేర్చుకున్నాడు. యుద్ధం మొదలైనప్పుడు ఆ వృత్తిలో ఉన్నవాళ్లను ఫ్యాక్టరీల అవసరం కోసం సైన్యంలోకి పిలవకుండా మినహాయించేవారు. ఇంట్లోనే ఉండిపోయినా అడిగేవారు లేరు. అయినా 1939 అక్టోబరులో వాయుసేన వాలంటీర్ రిజర్వులో చేరాడు. ఇంజిన్ ఫిట్టర్‌గా 1941లో పశ్చిమ ఆఫ్రికాకు, సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌కు పంపారు. అక్కడ 95వ స్క్వాడ్రన్‌లో సండర్‌లాండ్ సముద్ర విమానాల ఇంజిన్లు చూసుకునేవాడు. నేలమీది ఈ ఉద్యోగం వదిలి, గాల్లో ఎగిరే ఫ్లయిట్ ఇంజినీర్ కావాలని తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. 1942లో ఇంగ్లండ్ తిరిగొచ్చి శిక్షణ ముగించుకుని, 1943 జులై చివర్లో 106వ స్క్వాడ్రన్‌లో చేరాడు. ఆ ఏడాది నవంబరులో స్క్వాడ్రన్ లింకన్‌షైర్‌లోని మెదరింగమ్ స్థావరానికి మారింది.

ఫ్లయిట్ ఇంజినీర్ అనే ఉద్యోగం పుట్టుకకు ఒక కారణం ఉంది. యుద్ధం తొలి ఏళ్లలో పెద్ద బాంబర్‌లో ఇద్దరు పైలట్లు ఉండేవారు. ఒక విమానం కూలితే ఏళ్ల శిక్షణ పొందిన ఇద్దరు పైలట్లు ఒకేసారి పోతున్నారని 1942లో రెండో పైలట్‌ను తీసేశారు. ఆ స్థానంలోకి ఇంజిన్లు, పెట్రోలు చూసుకునే మనిషిని తెచ్చారు. మొదట్లో వచ్చినవాళ్లలో చాలామంది జాక్సన్ లాగే నేలమీద రెంచీ పట్టి చేతులు నల్లబడ్డ ఫిట్టర్లు. తర్వాత తర్వాత వేల్స్‌లోని సెయింట్ అథన్ శిక్షణ కేంద్రం నుంచి కుర్రాళ్లు నేరుగా వచ్చేవారు. పుస్తకం చదివి నేర్చుకున్నవాడికీ, అదే ఇంజిన్‌ను విప్పి బిగించినవాడికీ తేడా గేజీ ముల్లు కదిలినప్పుడు బయటపడుతుంది.

లాంకాస్టర్‌లో ఏడుగురు ఉంటారు: పైలట్, ఫ్లయిట్ ఇంజినీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, నడుం మీది గన్నర్, తోక గన్నర్. ఇంజినీర్ పైలట్‌కు కుడి పక్కన మడత సీటు మీద కూర్చుంటాడు. చాలాసేపు నిలబడే ఉంటాడు. ఆయన కుడిచేతి వైపు గోడకు ఒక ప్యానెల్ ఉంటుంది. నాలుగు మెర్లిన్ ఇంజిన్ల ఆయిల్ ప్రెషర్, ఆయిల్ వేడి, కూలెంట్ వేడి, పెట్రోలు మట్టం, బూస్టర్ పంపుల స్విచ్చులు అన్నీ దాని మీదే. బయల్దేరే ముందు ఆయిల్ 15 డిగ్రీలు, కూలెంట్ 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఇంజిన్లను వేడెక్కనివ్వాలి. తర్వాత ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. ఇంజిన్ వేగం నిమిషానికి 150 చుట్లకు మించి పడిపోతే ఆ విమానం ఆ రాత్రికి పనికిరాదు. రన్‌వే మీద పైలట్ థ్రాటిల్ తోస్తుంటే ఇంజినీర్ చేయి వెనక ఆనించి, పూర్తిగా ముందుకు వెళ్లాక బిగిస్తాడు. చక్రాలు ఎత్తడం, ఫ్లాపులు కొంచెం కొంచెంగా లోపలికి తీయడం ఆయన వంతే.

గాల్లోకి లేచాక అసలు పని పెట్రోలుది. లాంకాస్టర్ రెక్కల్లో ఆరు ట్యాంకులు, పక్కకు మూడు. విమానం ఒంటికీ లోపలి ఇంజిన్‌కూ మధ్య ఉన్నది 1వ నంబరు, 580 గ్యాలన్లు. రెండు ఇంజిన్ల మధ్య 2వ నంబరు, 383 గ్యాలన్లు. బయటి ఇంజిన్‌కు అవతల 3వ నంబరు, 114 గ్యాలన్లు. మొత్తం 2,154 గ్యాలన్లు, దాదాపు 9,800 లీటర్లు. మైలుకు సుమారు గ్యాలన్ చొప్పున తాగుతుంది కాబట్టి గంటకు 200 గ్యాలన్లని అంచనా. 3వ నంబరు ట్యాంకు నుంచి ఇంజిన్‌కు నేరుగా గొట్టం లేదు. దాన్ని ముందు 2వ నంబరులోకి తోడాలి. ఇంజినీర్ ఇరవై నిమిషాలకోసారి లెక్క రాస్తూ, గేజీ చూపేదానికీ తన లెక్కకూ తేడా వస్తే ఎక్కడో కారుతోందని పసిగట్టాలి. ట్యాంకు మార్చడంలో ఆలస్యమైతే ఇంజిన్ దగ్గుతుంది. ట్యాంకుకు చిల్లుపడి మంట లేకపోతే, రెండు రెక్కల పెట్రోలు గొట్టాలను కలిపే క్రాస్‌ఫీడ్ కాక్ తెరిచి నాలుగు ఇంజిన్లనూ ఆ ట్యాంకు మీదే నడపాలి. ఎలాగూ కారిపోయే పెట్రోలును ముందు వాడేసుకోవడం తెలివైన పని. టరెట్లు, అంటే గన్నర్లు కూర్చునే తుపాకీ గూళ్లు తిప్పే హైడ్రాలిక్ పంపులు కూడా వేర్వేరు ఇంజిన్లకు తగిలించి ఉంటాయి. ఏ ఇంజిన్ ఆగితే ఏ గన్నర్ చేతులు కట్టేసినట్టవుతాయో ఇంజినీర్‌కు తెలిసి ఉండాలి.

మంటల సంగతి ఇక్కడే వస్తుంది. ఇంజిన్‌కు నిప్పంటుకుంటే వరస ఇది: థ్రాటిల్ మూసి, ఫెదరింగ్ బటన్ నొక్కి ప్రొపెల్లర్ రెక్కలను గాలికి నిలువుగా తిప్పి, పెట్రోలు ఆపి, ప్రొపెల్లర్ నిలిచాక ఆ ఇంజిన్ మంటలార్పే బటన్ నొక్కాలి. తొందరపడి ముందే నొక్కితే తిరుగుతున్న ప్రొపెల్లర్ తోసే గాలికి మందు కొట్టుకుపోతుంది. అయితే ఆ సిలిండర్లు ఉన్నది ఇంజిన్ల కోసమే. ఇంజిన్‌కూ విమానం ఒంటికీ మధ్య, రెక్క పైభాగంలో లేచిన మంటకు కాక్‌పిట్‌లో ఏ బటనూ లేదు. జాక్సన్ విమానానికి అంటుకున్న మంట అక్కడే ఉంది: కుడి రెక్క పైన, ఒంటికీ లోపలి ఇంజిన్‌కూ నడుమ, పెట్రోలు ట్యాంకు పక్కన. ట్యాంకుల పటంలో అది 1వ నంబరు ఉండే చోటు. నింపితే 2,600 లీటర్లకు పైగా పట్టే అతిపెద్ద ట్యాంకు. చుట్టూ ఉన్న రబ్బరు పొర చిన్న తూటా చిల్లును పూడ్చగలదు. ఫిరంగి గుండు చీల్చిన రంధ్రాన్ని పూడ్చలేదు. మంట ట్యాంకు లోపలికి పోతే, లేదా వేడికి రెక్క దూలం మెత్తబడితే రెక్క ఊడిపోతుంది. ఏడుగురిలో ఈ విషయం అందరికంటే ముందు అర్థమయ్యేది ఫ్లయిట్ ఇంజినీర్‌కే.

నిజానికి ఆ రాత్రి జాక్సన్ వెళ్లాల్సిన పని లేదు. బాంబర్ సిబ్బందికి 30 దాడులు పూర్తయితే ఒక టూర్ అయినట్టు. తర్వాత కనీసం ఆరు నెలలు శిక్షణ కేంద్రాల్లో పాఠాలు చెప్పుకుంటూ గడపొచ్చు. జాక్సన్ తన 30వ దాడి ఏప్రిల్ 24న ముగించాడు. మధ్యలో ఒకసారి వేరే సిబ్బందితో బదులుగా వెళ్లడం వల్ల ఆయన లెక్క తనవాళ్లకంటే ఒకటి ముందుంది. తనవాళ్లు టూర్ ముగించే రాత్రి వాళ్లతోనే ఉండాలని 31వ సారి బయల్దేరాడు. ఆ రోజుల్లోనే మొదటి కొడుకు పుట్టాడన్న కబురూ అందింది. పైలట్ ఫ్రెడ్ మిఫ్లిన్, న్యూఫౌండ్‌లాండ్ దీవి నుంచి వచ్చినవాడు. విమానం సంఖ్య ఎంఈ669.

ష్వైన్‌ఫుర్ట్ బాల్ బేరింగుల ఊరు. ట్యాంకు, విమానం, జలాంతర్గామి ఏదీ బేరింగు లేకుండా తిరగదు కాబట్టి మిత్రపక్షాలు ఆ ఊరి మీద పదేపదే పడ్డాయి. 1943 ఆగస్టు 17న పగటిపూట వెళ్లిన అమెరికన్ బాంబర్లలో 36, అక్టోబరు 14న 60 తిరిగి రాలేదు. 1944 ఏప్రిల్ దాడిలో బ్రిటిష్ వాయుసేన బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లోని 5వ గ్రూపు ప్రధానంగా పాల్గొంది. రెండు వందలకు పైగా లాంకాస్టర్లు వెళ్లాయి. అనుకోని ఎదురుగాలులు ఆలస్యం చేశాయి. తక్కువ ఎత్తున వెళ్లి గుర్తు దీపాలు వేసిన మస్కిటో విమానాల గురి తప్పింది. బాంబుల్లో చాలా భాగం ఊరి బయట పడ్డాయి. జర్మన్ రాత్రి ఫైటర్లు దాడి సాగినంతసేపూ వదల్లేదు. 21 లాంకాస్టర్లు, అంటే వందకు తొమ్మిదికి పైగా, కూలిపోయాయి. ఒక దాడికి వందలో నాలుగైదు పోతేనే టూర్ పూర్తిచేసేవాళ్లు అరుదైపోతారు. ఆ లెక్కన ఇది ఘోరమైన రాత్రి. సైనికంగా విఫలమైన దాడి అని కూడా చెప్పాలి. జాక్సన్ చేసినదాని విలువ ఆ రాత్రి ఫలితం మీద ఆధారపడి లేదు, కానీ ఆ ఫలితాన్ని దాచడం సరికాదు.

బాంబులు వేసి పైకి ఎక్కుతుండగా ఫైటర్ పట్టుకుంది. మిఫ్లిన్ విమానాన్ని మెలికలు తిప్పినా గుండ్లు చాలా తగిలాయి. జాక్సన్ నేల మీద పడ్డాడు. కుడి కాలికి, భుజానికి ముక్కలు గుచ్చుకున్నాయి. లేచి చూసి, ఆ మంట సంగతి తాను చూసుకోగలనని పైలట్‌ను అనుమతి అడిగాడు. సిలిండర్‌ను లైఫ్ జాకెట్ పైభాగంలోకి తోసి, పారాషూట్ మూట తగిలించుకుని, పైలట్ నెత్తి మీది తలుపు ఊడగొట్టాడు.

ఆ తలుపు గాల్లో వాడేది కాదు. నీళ్ల మీద దిగినప్పుడో, నేల మీద పొట్టతో జారినప్పుడో బయటపడటానికి పెట్టింది. గాల్లో దానిగుండా దూకితే వెనకున్న టరెట్‌కో తోకకో తగులుతారు. పారాషూట్‌తో దూకడానికి ముక్కు భాగంలో నేల తలుపు ఉంది. అయితే జాక్సన్ దూకడానికి వెళ్లలేదు, రెక్కను చేరాలి. లాంకాస్టర్ రెక్క ఒంటి మధ్యలోంచి, కాక్‌పిట్ వెనక నుంచి మొదలవుతుంది. అంటే పైకప్పు మీదుగా వెనక్కి పాకి, నున్నని గుండ్రటి అంచు మీంచి కిందికి జారాలి. పట్టుకోవడానికి పిడి ఒక్కటీ లేదు.

ఎదురుగాలి ఎంత? 20,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత నేలమట్టంలో సుమారు సగం. ఆ పలచని గాలిలో కూడా గంటకు 200 మైళ్ల వేగం అర చదరపు మీటరు మేర తగిలితే 130 కిలోల బరువుతో తోసినట్టుంటుంది. బోర్లా పాకితే తగిలే మేర తగ్గుతుంది, చెయ్యెత్తితే పెరుగుతుంది. చలి సగటున మైనస్ 25 డిగ్రీలు. 10,000 అడుగులు దాటాక లోపలున్నవాళ్లంతా మాస్కు గొట్టాన్ని ఆక్సిజన్ లైనుకు తగిలించుకునే ఉంటారు. పైకప్పు మీదికి ఆ గొట్టం రాదు. 20,000 అడుగుల్లో ఆక్సిజన్ లేకుండా కష్టపడి ఒళ్లు వంచేవాడి తెలివి కొద్ది నిమిషాలే నిలుస్తుంది.

ఆయన ఇంకా కాక్‌పిట్ దాటకముందే పారాషూట్ మూట విచ్చుకుంది. లాంకాస్టర్‌లో పైలట్ తప్ప మిగతావాళ్ల పారాషూట్ రొమ్ము మీద రెండు కొక్కేలకు తగిలించుకునే రకం. పట్టీల హార్నెస్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది, మూట మాత్రం పక్కన అలమరలో. ఏడెనిమిది గంటలు ఇరుకులో పనిచేసేవాడికి అది వీలు. కానీ ఇరుకు తలుపులోంచి బోర్లా పాకేవాడికి అదే ప్రమాదం, ముందున్న పిడి ఎక్కడ తగిలినా మూట తెరుచుకుంటుంది. గుడ్డ, తాళ్లు మొత్తం కాక్‌పిట్‌లోకి జారాయి. జాక్సన్ ఆగలేదు. పైలట్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్ ఆ గుడ్డను పోగుచేసి తాళ్లు పట్టుకుని, ఆయన పాకేకొద్దీ కొంచెం కొంచెంగా వదిలారు. అనుకోకుండా అది ఆయనకు నడుముతాడైంది.

కాస్త దూరం వెళ్లి జారి రెక్క మీద పడ్డాడు. రెక్క ముందంచులో ఉన్న గాలి రంధ్రాన్ని పట్టుకుని వేలాడాడు. సిలిండర్ ఎగిరిపోయింది. మంట అప్పటికే విస్తరించి ముఖం, చేతులు, బట్టలు కాల్చింది. పట్టు తప్పి, మంటల మధ్యగా రెక్క వెనకంచు మీంచి కొట్టుకుపోయాడు. లోపలివాళ్లు చివరిసారి చూసినప్పుడు పారాషూట్ సగమే విచ్చుకుని, అక్కడక్కడా కాలుతూ ఉంది.

ఇలాంటి పని అంతకు మూడేళ్ల ముందు ఒకాయన చేసి నెగ్గాడు. న్యూజిలాండ్‌కు చెందిన జేమ్స్ వార్డ్, 75వ స్క్వాడ్రన్ వెల్లింగ్టన్ విమానంలో రెండో పైలట్. 1941 జులై 7 రాత్రి మ్యూన్‌స్టర్ దాడి నుంచి వస్తుండగా కుడి ఇంజిన్ దగ్గర చీలిన గొట్టం నుంచి పెట్రోలు కారి మండింది. వార్డ్ నడుముకు రబ్బరు పడవ తాడు కట్టుకుని, పై తలుపులోంచి బయటికి వచ్చి, కాన్వాస్ గుడ్డతో మంటను అణిచాడు. విమానం ఇంగ్లండ్ చేరింది. ఆయనకూ విక్టోరియా క్రాసే వచ్చింది. తేడా ఎక్కడుందో చూడాలి. వెల్లింగ్టన్ ఒంటికి లోహపు జాలీ మీద గుడ్డ కప్పి ఉంటుంది. వార్డ్ కాలితో తన్ని, చేత్తో చించి గుడ్డలో రంధ్రాలు చేసుకుని మెట్లలా వాడుకున్నాడు. ఆయన కదలాల్సిన దూరం మూడడుగులు కిందికి, మరో మూడడుగులు పక్కకు. ఎత్తు 13,000 అడుగులు. మండింది ప్రధానంగా గుడ్డ. దాన్ని ఆర్పాక గొట్టం దగ్గర మిగిలిన మంటకు పాకే దారి లేకపోయింది. లాంకాస్టర్‌ది పూర్తిగా అల్యూమినియం రేకు, కాలు దూరే సందు లేదు. మంట పక్కనే అతిపెద్ద ట్యాంకు. సిలిండర్ చేతిలో నిలిచినా అంత గాలిలో దాని మందు మంట మీద నిలిచేది అనుమానమే. అధికారిక పతక ప్రకటన కూడా ఒక మాట దాచలేదు: మంట ఆరినా ఆయన తిరిగి కాక్‌పిట్‌లోకి రాగలిగే అవకాశం దాదాపు లేదు. ఆ సంగతి జాక్సన్‌కు తెలియదని అనుకోవడానికి వీల్లేదు.

మంట అదుపులోకి రాదని తేలాక మిఫ్లిన్ దూకమన్నాడు. నలుగురు క్షేమంగా దిగారు. మిఫ్లిన్, తోక గన్నర్ జాన్సన్ చనిపోయారు. ఇందులో విమానం నిర్మాణానికీ పాత్ర ఉంది. చివరిదాకా విమానాన్ని నిలకడగా పట్టుకోవాల్సింది పైలట్. ఆయన స్టీరింగ్ వదిలాక విమానం ఎంతసేపు నిటారుగా ఉంటుందన్నదే ఆయనకు మిగిలే సమయం. తోక గన్నర్ పారాషూట్ టరెట్ బయట ఉంటుంది. టరెట్‌ను తిన్నగా తిప్పి, వెనక తలుపులు తెరిచి, మూట అందుకుని తగిలించుకోవాలి. ముక్కు కింది తలుపు వెడల్పు 22 అంగుళాలే. మందపాటి దుస్తులు, రొమ్ము మీద మూటతో అందులోంచి దూరడం కష్టం. బాంబర్ కమాండ్ ఆపరేషనల్ రీసెర్చ్ విభాగంలో పనిచేసిన ఫ్రీమన్ డైసన్ తర్వాతి రోజుల్లో దీన్ని గట్టిగా విమర్శించాడు. కూలిన లాంకాస్టర్ల నుంచి బతికి బయటపడ్డవాళ్ల నిష్పత్తి హాలిఫాక్స్ బాంబర్లకంటే తక్కువ. తలుపును కాస్త పెద్దది చేయడానికి పట్టిన కాలం వేలమంది ప్రాణాల ఖరీదు కావడం క్షమించదగ్గది కాదు. ఎంఈ669లో ఏడుగురిలో ఐదుగురు బతకడం ఆ లెక్కల్లో అరుదైన సంగతి.

మామూలుగా పారాషూట్ సెకనుకు 20 అడుగుల వేగంతో దించుతుంది. గుడ్డ కాలి చిల్లులు పడితే గాలిని పట్టే విస్తీర్ణం తగ్గి వేగం పెరుగుతుంది, తాళ్లు లాగి దిశ మార్చుకోవడం కుదరదు. జాక్సన్ బలంగా నేలను ఢీకొన్నాడు. చీలమండ విరిగింది. కాలిన గాయాలతో కుడి కన్ను మూసుకుపోయింది, చేతులు పనిచేయలేదు. తెల్లవారాక మోచేతులు, మోకాళ్ల మీద దగ్గర్లోని ఊరికి పాకి పట్టుబడ్డాడు. పది నెలలు ఆసుపత్రిలో గడిపాడు. కోలుకున్నాక రెండుసార్లు పారిపోవడానికి ప్రయత్నించి, రెండోసారి అమెరికన్ మూడో సైన్యాన్ని చేరుకున్నాడు.

పతకం వెంటనే రాకపోవడానికి కారణం సూటిగా ఉంది. విక్టోరియా క్రాస్‌కు చూసినవాళ్ల సాక్ష్యం కావాలి. సాక్షులు నలుగురూ యుద్ధఖైదీలు. విడుదలై ఇంటికొచ్చాకే విషయం బయటికొచ్చింది. జాక్సన్ తానై చెప్పుకోలేదు. 1945 అక్టోబరు 26న లండన్ గెజిట్‌లో ప్రకటన వెలువడింది. నవంబరు 13న బకింగ్‌హామ్ రాజభవనంలో ఆరో జార్జి రాజు పతకం ఇచ్చాడు. అదే రోజు అందుకోవాల్సిన గ్రూప్ కెప్టెన్ లెనార్డ్ చెషైర్, ర్యాంకులో చాలా పై అధికారి అయినా, జాక్సన్‌కు ముందుగా ఇవ్వాలని పట్టుబట్టాడు. మర్యాద నియమం ఒప్పుకోలేదు.

అప్పటి పతకాల వ్యవస్థను గట్టిగా చూస్తే ఒక అన్యాయం కనిపిస్తుంది. అధికారులకూ వారంట్ అధికారులకూ ఫ్లయింగ్ క్రాస్, అదే విమానంలో అదే పని చేసిన సార్జెంట్లకు ఫ్లయింగ్ మెడల్. యుద్ధకాలంలో క్రాస్‌లు 20 వేలకు పైగా ఇచ్చారు, మెడల్స్ 6,600కు పైగా మాత్రమే. ఆకాశంలో ఎగిరిన సిబ్బందిలో సార్జెంట్లే ఎక్కువైనా ఇలా జరిగింది. అప్పట్లో చనిపోయినవాళ్లకు ఇవ్వగలిగిన యుద్ధ గౌరవాలు విక్టోరియా క్రాస్, అధికార నివేదికలో పేరు ప్రస్తావన, ఈ రెండే. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. సాక్షి ఒక్కడూ మిగలని విమానాల్లో ఎవరు ఏం చేశారో ఏ గెజిట్‌కూ చేరలేదు.

యుద్ధం తర్వాత జాక్సన్ విస్కీ కంపెనీ తరఫున ఊరూరా తిరిగే సేల్స్‌మన్‌గా బతికాడు. కాలిన చేతులు పూర్తిగా మామూలు కాలేదు. ఫిట్టర్‌కు చేతులే పెట్టుబడి కాబట్టి, ఆ రాత్రి ఆయన పోగొట్టుకున్నదాన్ని ఇలా కూడా లెక్కవేయాలి. ఏడుగురు పిల్లల్ని పెంచాడు. 1994 మార్చి 26న చనిపోయాడు, ట్వికెన్‌హామ్‌లో సమాధి ఉంది. 2004 ఏప్రిల్‌లో పతకాలు వేలానికి వచ్చి 2,35,250 పౌండ్లకు అమ్ముడయ్యాయి. వాటిని వాయుసేన మ్యూజియంలో ఉంచాలన్నది కుటుంబం కోరిక.